ఆగస్టు మార్కులు

మే 3, శనివారం. సాయంత్రం 6.15, తిరుగు బస్సులో

ఓడిపోయాం. 3–1. లీగ్‌లో అట్టడుగు స్థానం ఖాయమైంది. ఇప్పుడు కింది లీగ్‌లో గెలిచిన జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడాలి. రెండూ కలిపి వాళ్లదే పైచేయి అయితే వాళ్లు పైకి, మేం కిందికి. మా జట్టు కిల్‌బ్రానక్ థిసిల్ తొంభై ఆరేళ్లుగా ఈ లీగ్‌లోనే ఉంది. దించిన ఘనత కోచ్‌గా నాకే దక్కేట్టుంది.

డెబ్బయ్యో నిమిషం. నా కెప్టెన్ మాగ్నస్ టలక్ కార్నర్ కిక్‌కి ఎగిరాడు. వాళ్ల తొమ్మిదో నంబర్ కూడా ఎగిరాడు. తలకాయలు రెండూ గుద్దుకున్న చప్పుడు మైదానం ఇవతలి గీత దగ్గర ఉన్న నాకు వినిపించింది. పద్దెనిమిదేళ్లు డిఫెన్స్ మధ్యలో నిలబడి ఆడినవాణ్ని, ఆ చప్పుడు నాకు కొత్త కాదు.

మాగ్నస్ తనంతట తనే లేచాడు. రక్తం లేదు. హమ్మయ్య అనుకున్నాను. మా ఫిజియో అయోనా పెట్రీ పరుగెత్తుకెళ్లి ఏవో ప్రశ్నలు అడిగింది. వాడు స్కోరు సరిగ్గానే చెప్పాడట. ఆ తర్వాత, మనం ఎటువైపు గోల్ కొట్టాలి అని అడిగాడట. వెంటనే బయటికి తీసుకొచ్చేసింది. నేను ఆమె మీద అరిచాను. అందరి ముందూ. వారంలో ఐదు రోజులు ఆసుపత్రిలో చాకిరీ చేసి శనివారం మా కోసం వచ్చే మనిషి మీద. ఆమె నన్ను లెక్కే చేయలేదు. వాడి భుజాల మీద కోటు కప్పి నన్ను దాటుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు వాడు నా ముందు సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మాంసం కూరిన ‘మీట్ పై’ ఇస్తే వద్దన్నాడు. మాగ్నస్ తిండి వద్దనడం నేనెప్పుడూ చూడలేదు.

మే 4, ఆదివారం

ఆలిక్ మేర్‌ని చూడ్డానికి వృద్ధుల హోమ్‌కి వెళ్లాను. పదకొండేళ్లు నా పక్కన ఆడాడు. గాల్లో వచ్చే బంతి మా ఇద్దర్నీ దాటి పోయేది కాదు. ప్రాక్టీస్ అయ్యాక స్టాండ్ కింద తాడుకి బంతి కట్టి, రోజుకి వంద సార్లు తలతో కొట్టేవాళ్లం. పోటీపడి మరీ. వానలో తడిసిన బంతి అయితే ఇంకా హుషారు.

ఇవాళ నన్ను చూసి వాళ్ల తమ్ముడనుకున్నాడు. తమ్ముడిలాగే కూర్చున్నాను. నా భార్య నెటా చేసిచ్చిన షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు నాలుగు తిన్నాడు. వాడికి అరవై రెండు. నాకన్నా మూడేళ్లే పెద్ద.

మే 6, మంగళవారం. రాత్రి భోజనానికి ముందు

ప్రాక్టీస్. మాగ్నస్ స్టాండ్‌లో కోటు వేసుకుని కూర్చుని చూశాడు.

అయోనా మాట ఖరారు. ఈ శనివారం మొదటి మ్యాచ్‌కి వాడు లేడు. వచ్చే మంగళవారం లాప్‌టాప్ మీద పరీక్ష పెడుతుంది. పదాలు గుర్తుపెట్టుకోవడం, అంకెలు వెనక నుంచి చెప్పడం, రంగు మారగానే బటన్ నొక్కడం. సీజన్ మొదట్లో, ఆగస్టులో, అందరికీ పెట్టిన పరీక్షే. ఆగస్టు మార్కులకి ఇప్పటి మార్కులు తూగితే డాక్టర్ సంతకం పెడతాడు, రెండో మ్యాచ్ ఆడొచ్చు. తూగకపోతే వాడి సీజన్ అయిపోయినట్టే.

మా చైర్మన్ లాక్లన్ నోబుల్ మూడుసార్లు ఫోన్ చేశాడు. చేపల వ్యాపారం ఆయనది. మాట కూడా ఐసులోంచి తీసినట్టే ఉంటుంది. రెండో మ్యాచ్‌కి కెప్టెన్ ఉంటాడా లేడా, ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. ఉంటాడన్నాను. పరీక్ష పాసవుతాడని నీకెలా తెలుసు అన్నాడు. తెలుసులే అన్నాను.

ఎలా తెలుసో ఆయనకి చెప్పలేదు. ఇక్కడ రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

మే 7, బుధవారం. మధ్యాహ్నం 12.20

నేను నడిపే చెత్త లారీ హార్బర్ దగ్గర ఆపి స్టీరింగ్ మీద పెట్టుకుని రాస్తున్నాను. నాతో పనిచేసే ఇద్దరూ చిప్స్ కొనుక్కోడానికి వెళ్లారు. పది నిమిషాలుంది. రాసేస్తాను, పీడా పోతుంది.

ఆగస్టులో పరీక్షకి ముందు అయోనా పక్క గదిలో లాప్‌టాప్‌లు సర్దుకుంటోంది. నేను కుర్రాళ్లందర్నీ డ్రెస్సింగ్ రూమ్‌లోకి పిలిచి తలుపు వేశాను. అన్నీ సరిగ్గా చేయకండిరా అని చెప్పాను. గుర్తున్న పదాలు రెండు మూడు వదిలేయండి. బటన్ కాస్త ఆగి నొక్కండి. మరీ వెర్రివాళ్లలా చేస్తే మెషిన్ పట్టేస్తుంది, అందుకని కొంచెమే తగ్గించండి. రేపు సీజన్ మధ్యలో తలకి దెబ్బ తగిలితే ఇవాల్టి తక్కువ మార్కులే మిమ్మల్ని కాపాడతాయి అన్నాను.

కాపాడతాయి అనే అన్నాను.

అందరూ నవ్వారు. మన గోల్‌కీపర్‌కి ఆ నటన అక్కర్లేదు బాస్, వాడు మామూలుగా రాస్తే చాలు అని మాగ్నస్ అన్నాడు. ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను.

ఇది నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. చాలా డ్రెస్సింగ్ రూముల్లో ఎవడో ఒకడు చెప్పేదే. మా కాలంలో అసలు పరీక్షే లేదు. బకెట్ నీళ్లు, స్పాంజి, ముక్కు కింద ఘాటు సీసా, లే, పద. లాప్‌టాప్ వచ్చి నా ఆటగాణ్ని ఆపడమేమిటని నాకు ఒళ్లు మంట. ఎంత తెలివైనవాణ్నో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ మార్కుల పుణ్యమా అని డిసెంబరులో ఒకడు, ఫిబ్రవరిలో ఇంకొకడు దెబ్బ తగిలాక వారం రోజులకే ఆడేశారు. ఏమీ కాలేదు కదా అనుకున్నాను.

మాగ్నస్‌కి ఆగస్టులో వచ్చింది అరవై ఒకటి.

మే 10, శనివారం. రాత్రి 8

అవతలి జట్టు ఊరు డన్‌లోరీలో మొదటి మ్యాచ్. 2–1, ఓటమి. వాళ్ల రెండు గోల్సూ కార్నర్ నుంచి తలతో కొట్టినవే. రెండూ ఐదో నంబర్ కొట్టినవే. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. మాగ్నస్ స్థానంలో ఆడిన గ్రెగర్ పాపం పోస్ట్‌మ్యాన్, కుక్కల నుంచి పారిపోవడం అలవాటున్నవాడు. వాడి వల్ల కాలేదు.

ఒక్క గోల్ తేడా. వచ్చే శనివారం మా ఊళ్లో. మాగ్నస్ ఉంటే గెలుస్తాం. ఈ ముక్క చిన్నపిల్లాడైనా చెబుతాడు.

మే 12, సోమవారం. సాయంత్రం 5.40

మాగ్నస్ భార్య మోర్వెన్ మా ఇంటికి వచ్చింది. నెటా టీ ఇచ్చింది. తాగలేదు. ఇక్కడికి వచ్చినట్టు వాడికి చెప్పొద్దంది.

వారం నుంచి మాగ్నస్ వంటింట్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని తిరుగుతున్నాడట. పాప ఏడిస్తే చెవులు మూసుకుని బయటికి పోతున్నాడట. వాడు వడ్రంగి, పనిలో పేరున్నవాడు. పోయిన గురువారం ఒక ఇంటి తలుపుకి మూడుసార్లు కొలత తీసుకుని, మూడుసార్లూ కాగితం మీద రాసుకుని, రెండంగుళాలు పొట్టిగా కోశాడట. ఎందుకలా అయిందని అడిగితే, కలపదే తప్పని అరిచాడట. ఇన్నేళ్లలో తన మీద గొంతెత్తని మనిషి.

అంతా చెప్పి నన్నే చూస్తూ అడిగింది.

"రేపటి పరీక్షలో ఇదంతా బయటపడుతుందా? మీకు తెలుసుంటుంది కదా, చెప్పండి. నిజంగా పట్టుకుంటుందా అది?"

"పట్టుకుంటుంది," అన్నాను.

థాంక్స్ చెప్పింది. వెళ్లేటప్పుడు నెటాని కౌగలించుకుంది.

మే 13, మంగళవారం. సాయంత్రం 7

అరవై మూడు. పాస్.

ఆగస్టు కన్నా రెండు ఎక్కువే వచ్చాయని అయోనా ఆశ్చర్యపోయింది. రెండుసార్లు సరిచూసుకుంది. సంతోషించింది కూడా. డాక్టర్‌కి ఈమెయిల్ పంపింది. మాగ్నస్ లాప్‌టాప్ ముందు నుంచి లేచి నా వైపు చూసి కన్ను కొట్టాడు. నుదురంతా చెమట. అరవై మూడు తెచ్చుకోడానికి వాడు ఎంత తంటాలు పడ్డాడో నాకు కనిపిస్తూనే ఉంది. ఆగస్టులో అరవై ఒకటి వాడు ఈల వేసుకుంటూ తెచ్చుకున్నాడు.

మే 14, బుధవారం

అయోనాకి ఫోన్ చేశాను. ఎత్తింది. శనివారం సముద్రం మీంచి పొగమంచు పడుతుందంటున్నారు అని చెప్పి పెట్టేశాను. పిరికి వెధవని.

మే 15, గురువారం. సాయంత్రం 8

ప్రాక్టీస్ అయ్యాక మాగ్నస్ వ్యాన్‌లో ఎక్కి కూర్చున్నాను. వెనకంతా రంపాలు, చెక్కపొట్టు. శనివారం నువ్వు ఆడొద్దు అన్నాను. నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

ఒక్క మ్యాచ్ బాస్, ఆ తర్వాత ఎండాకాలమంతా విశ్రాంతే కదా అన్నాడు. వాళ్ల తాత, నాన్న ఈ జట్టుకే ఆడారట, కిందికి జారినప్పుడు కెప్టెన్ కోటేసుకుని కూర్చున్నాడని ఊరంతా జన్మంతా అంటారట. తలుపు పొట్టిగా కోశావటగా అన్నాను. వాడి ముఖం మారిపోయింది. ఎవరు చెప్పారని అడగలేదు. అడక్కుండానే తెలిసిపోయింది.

"మీరే కదా బాస్ నేర్పింది," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు పనికొచ్చే వేళకి భయపడితే ఎలా?"

అయోనాకి చెప్పేస్తానన్నాను. చెప్పండి అన్నాడు. డిసెంబరు వాడి సంగతీ, ఫిబ్రవరి వాడి సంగతీ కూడా చెప్పాల్సి వస్తుంది. మిమ్మల్ని మళ్లీ ఏ మైదానం గేటు కూడా దాటనివ్వరు. బెదిరించలేదు, మామూలుగానే అన్నాడు. వాడు చెప్పింది నేను నాలుగు రోజులుగా లెక్కేసుకుంటున్నదే.

నాకు ఫుట్‌బాల్ తప్ప ఇంకేమీ రాదు. పదిహేనేళ్లప్పుడు స్కూలు మానేశాను. మంగళ, గురు, శనివారాలు తీసేస్తే నా వారంలో మిగిలేది చెత్త డబ్బాలే.

మే 16, శుక్రవారం. ఉదయం 6

దారి దొరికింది. మాగ్నస్‌ని బెంచ్ మీద కూర్చోబెడతాను. గ్రెగర్ ఆడతాడు. అవసరమైతే తప్ప మాగ్నస్‌ని దించను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నోబుల్‌కి ఫోన్ చేసి, రెండు వారాలు పరుగు లేదు, మొదటి నుంచీ ఆడిస్తే అలసిపోతాడు అన్నాను. ఓడిపోతే సోమవారం మైదానం తాళాలు ఆఫీసులో పెట్టి పొమ్మన్నాడు.

ఇది దారేమీ కాదని నాకు తెలుసు. అయినా పొద్దున్నే కాస్త ఊపిరాడింది.

మే 17, శనివారం. సాయంత్రం 7.30

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొగమంచు రాలేదు. మైదానం కిటకిటలాడింది. పద్నాలుగో నిమిషంలో గోల్ కొట్టాం. రెండు మ్యాచ్‌లూ కలిపి 2–2. ఆ తర్వాత డెబ్బై నిమిషాలు వాళ్లు మా మీద పడ్డారు. గ్రెగర్ ప్రాణం పెట్టి ఆడాడు. ఐదో నంబర్‌ని పట్టుకుని వేలాడాడంటే వేలాడాడు. మాగ్నస్ నా వెనక బెంచ్ మీద నల్లకళ్లద్దాలతో కూర్చున్నాడు. ఎండ ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఎనభై నాలుగో నిమిషం. వాళ్లకి కార్నర్. గ్రెగర్ పిక్క పట్టుకుని కూలబడ్డాడు. లేవలేకపోయాడు. అయోనా వెళ్లి చూసి ఇక లాభం లేదని చేయి ఊపింది.

స్టాండ్ మొత్తం మాగ్నస్ పేరు మొదలెట్టింది. నేను వెనక్కి తిరిగి చేయి ఊపి వాణ్ని పిలిచాను. నేనే పిలిచాను. ఎవరూ నా చేయి పట్టి లాగలేదు. వారం రోజులుగా అనుకున్నదంతా ఆ అరుపుల్లో ఎటు పోయిందో పోయింది.

వాడు కళ్లద్దాలు తీసి, ట్రాక్ సూట్ విప్పి వచ్చాడు. భుజం మీద చేయి వేసి చెప్పాను. వాళ్ల ఐదో నంబర్ గోల్ ముందు పోస్టుకి వస్తాడు, వాడు నీవాడు, వదలకు. ఐదో నంబర్, ముందు పోస్ట్ అన్నాడు. ఆటగాళ్ల మార్పు చూసే నాలుగో రెఫరీ వచ్చి వాడి బూట్ల అడుగు చూశాడు. బోర్డు మీద అంకెలు నొక్కుతున్నాడు. మాగ్నస్ నా వైపు వంగాడు.

"నావాడు ఎవరు బాస్?"

కంగారేమీ లేదు గొంతులో. ఇప్పుడే మొదటిసారి అడుగుతున్నట్టు అడిగాడు.

ఐదో నంబర్ అని మళ్లీ చెప్పాను. సిగ్గు లేకుండా చెప్పాను. సరే అన్నాడు. వాడి కళ్లు నా ముఖం మీద ఉన్నాయి, కాని నన్ను చూడటం లేదు. అయోనా అప్పుడే గ్రెగర్‌ని నడిపించుకుంటూ గీత దాటింది. నేను ఆమెకి అడ్డం వెళ్లాను.

"ఆగస్టు మార్కులు దొంగవి. తప్పులు చేయమని నేనే చెప్పాను. అందరికీ."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది.

"మాగ్నస్‌కి కూడానా?"

"మాగ్నస్‌కి కూడా."

గ్రెగర్‌ని అక్కడే వదిలేసింది. వెళ్లి మాగ్నస్ చొక్కా వెనక నుంచి పట్టుకుని, నాలుగో రెఫరీతో ఇతను ఆడటం లేదు అంది. మాగ్నస్ విడిపించుకోబోయాడు. వాడు ఆమెకి రెండింతలుంటాడు. అయినా ఆమె వదల్లేదు. వాడు నా వైపు తిరిగి అరిచిన మాటలు ఇక్కడ రాయను. స్టాండ్‌లో ముందు వరుసలన్నీ విన్నాయి. తర్వాత వాడు నేల మీద కూర్చుని గడ్డిలోకి వాంతి చేసుకున్నాడు.

బెంచ్ మీద మిగిలినవాళ్లలో డిఫెన్స్ తెలిసినవాడు లేడు. మైదానం అంచున పరుగెత్తే వింగర్ కోలిన్‌ని పంపాను. ప్రైమరీ స్కూలు టీచరు, ఐదడుగుల ఆరంగుళాలు. కార్నర్ వచ్చింది. ఐదో నంబర్ అసలు ఎగరనే లేదు, నిలబడ్డచోటనే తల ఊపి గోల్ కొట్టాడు.

1–1. రెండూ కలిపి 3–2. తొంభై ఆరేళ్లు అయిపోయాయి.

నోబుల్ మెట్లు దిగి వచ్చాడు. ఏం చెప్పావు ఆమెకి అని అడిగాడు. చెప్పాను. చివరి దాకా విని, ఆరు నిమిషాలు నోరు మూసుకోలేకపోయావా అన్నాడు.

మే 18, ఆదివారం. ఉదయం 11

అయోనా ఇంట్లో ఆమె బల్ల ముందు కూర్చుని అంతా కాగితం మీద పెట్టాను. తేదీ, గదిలో ఎవరెవరు ఉన్నారు, నేను అన్న మాటలు, డిసెంబరు వాడి పేరు, ఫిబ్రవరి వాడి పేరు. ఆమె సరిచేయలేదు, సాయం చేయలేదు. ఎదురుగా కూర్చుంది. సంతకం పెట్టాక మాత్రం నన్ను పేరుతో పిలిచి మాట్లాడింది.

"ఫిబ్రవరిలో ఆ అబ్బాయి కాగితం మీద డాక్టర్‌తో పాటు నేనూ సంతకం పెట్టాను, వాటీ. నిశ్చింతగా పెట్టాను."

క్షమించమని అడగలేదు. లేచి వచ్చేశాను. ఆలిక్ దగ్గరికి వెళ్లలేదు ఇవాళ.

మే 19, సోమవారం

తాళాలు ఆఫీసులో పెట్టేశాను.

మే 21, బుధవారం. మధ్యాహ్నం 12.30

లారీ వెనక పనిచేసే ఇద్దరూ నాతో మాట్లాడటం లేదు. ఖాళీ డబ్బాలు మాత్రం దభీమని పడేస్తున్నారు. పోనీలే. అననీ.

మాగ్నస్‌ని అబర్డీన్ పెద్దాసుపత్రిలో మెదడు డాక్టర్‌కి చూపించారట. అయోనా ఫోన్ చేసి చెప్పింది, పొడిపొడిగా. స్కానింగ్‌లో పెద్దగా ఏమీ కనపడలేదు. అది మంచిదే. కాని తలకి దెబ్బలు ఒకటి కాదు, ఇదివరకు తగిలినవి కూడా ఉంటాయి అన్నాడట. అయోనా లాప్‌టాప్ మీద మళ్లీ పరీక్ష పెట్టింది. ఈసారీ మాగ్నస్ ఎక్కడా వదలకుండా, ఉన్నదంతా పెట్టి రాశాడు. అరవై నాలుగు.

దెబ్బకి ముందు ఇతని అసలు మార్కు ఎంత అని డాక్టర్ అడిగాడట. ఎంత పోయిందో తెలిస్తేనే ఎంత తిరిగి వచ్చిందో, వడ్రంగం మళ్లీ చేయొచ్చో లేదో చెప్పగలనన్నాడట. అయోనా దగ్గర ఉన్నది అరవై ఒకటి. అది దేనికీ పనికిరాదు.

మే 25, ఆదివారం

మోర్వెన్ ఒక సంచీ తెచ్చింది. ఈసారి లోపలికి రాలేదు. గడప మీదే నిలబడి ఒక్కొక్కటీ తీసి చూపించింది. మాగ్నస్ స్కూలు రిపోర్టులు, పని నేర్చుకునేటప్పటి కొలతల పుస్తకం, పద్నాలుగేళ్లప్పుడు లెక్కల్లో వచ్చిన బహుమతి కార్డు.

"వీటిని చూసి చెప్పగలరా ఎవరైనా? ఆగస్టులో నిజంగా రాసుంటే ఎంత వచ్చేదో? నువ్వు చెప్పు. ఇదన్నా నిజం చెప్పు."

చెప్పలేరు అన్నాను.